రాయి తగిలింది సంక్రాంతికి, అద్దం చీలింది ఎండాకాలంలో

సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు రాశారు. సంక్రాంతికి ఊరెళ్తుంటే విజయవాడ హైవే మీద లారీ చక్రం కింద నుంచి కంకరరాయి ఎగిరొచ్చి కారు ముందద్దానికి తగిలింది. చిన్న పెచ్చు లేచింది. ‘ఏం కాదులే’ అని వదిలేశారు. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున చూస్తే ఆ పెచ్చు దగ్గర్నుంచి జానెడు చీలిక! కారు రాత్రంతా షెడ్డులోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. “దెబ్బ తగిలినప్పుడు పగలని అద్దం ఊరికే ఉన్నప్పుడు ఎందుకు పగిలింది? పెచ్చుకు రిపేరు చేయిస్తే సరిపోయేదా, అద్దం మార్చాల్సిందేనా?” రెండో ప్రశ్నకు గ్లాసు షాపులో ఎవరైనా జవాబు చెబుతారు. మొదటిది మాత్రం నన్ను వదలడం లేదు.

ముందు గబగబా నాలుగు ముక్కలు. కారు ముందద్దం ఒకటి కాదు, రెండు. ఒక్కోటి సుమారు 2 మిల్లీమీటర్ల గాజు పలక, నడుమ 0.76 మిల్లీమీటర్ల పాలీవినైల్ బ్యూటిరాల్ అనే ప్లాస్టిక్ పొర. రాయి దెబ్బ మామూలుగా బయటి పలకతోనే ఆగిపోతుంది. పక్క కిటికీలది వేరే జాతి, టెంపర్డ్ గాజు. అది పగిలిందంటే పలుకులుగా రాలిపోతుంది, రిపేరు అన్న మాటే ఉండదు. ఇక అసలు సంగతికొద్దాం.

గాజులో సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధాలు చాలా గట్టివి. వాటి బలాన్నిబట్టి లెక్కకడితే గాజు వేల మెగాపాస్కళ్ల లాగుడుకు తట్టుకోవాలి. మన కిటికీ గాజేమో వంద లోపే విరిగిపోతుంది. మిగతా బలమంతా ఏమైనట్టు? 1913లో ఇంగ్లిస్ అనే కేంబ్రిడ్జి ఇంజనీరు దీని మీద తొలి వెలుగు ప్రసరించాడు. పలకలో కోలగా ఒక రంధ్రం ఉంటే, లాగుడంతా దాని కొనల దగ్గర పోగవుతుందనీ, కొన ఎంత వాడిగా ఉంటే అంత ఎక్కువ పోగవుతుందనీ గణితంతో చూపించాడు. బట్టల కొట్టులో కత్తెరతో చిన్న గాటు పెట్టి, తాను రెండు చేతులా పట్టుకుని పర్రున చింపుతారు చూడండి, అదే ఇది. అయితే ఇందులో ఒక చిక్కుంది. కొన మరీ వాడిగా ఉంటే ఒత్తిడి అనంతమైపోవాలి. అంటే గీత పడ్డ ప్రతి గాజూ వేలితో తాకితేనే పగలాలి!

ఆ చిక్కుముడి విప్పింది ఫార్న్‌బరోలోని విమాన పరిశోధన సంస్థలో పనిచేసిన ఏ.ఏ. గ్రిఫిత్. 1920 నాటి ఆయన వ్యాసం నాకు మహా ఇష్టం, ఎందుకంటే అందులో ఉన్నది వ్యాపారి లెక్క. చీలిక ముందుకు జరిగితే కొత్త ఉపరితలం పుడుతుంది, దానికి శక్తి ఖర్చవుతుంది. చీలిక జరగడంతో సాగి ఉన్న గాజు సడలుతుంది, అక్కడ శక్తి జమవుతుంది. జమ ఖర్చును మించితేనే చీలిక కదులుతుంది. ఈ లెక్క ప్రకారం చీలిక పొడవు నాలుగింతలైతే దాన్ని నడిపించడానికి సగం లాగుడు చాలు. పెరిగేకొద్దీ దాని పని సులువవుతుందన్నమాట.

గ్రిఫిత్ ప్రయోగాల్లో ఇంకో వింత కనిపించింది. అప్పుడే లాగిన సన్నని గాజుపోగులు అద్భుతమైన బలం చూపించి, కొన్ని గంటల్లోనే నీరసించిపోయాయి. లోపల అణువుల అమరిక మారుతోంది కాబోలు అనుకున్నాడాయన. అసలు దొంగ లోపల లేడు, చుట్టూ ఉన్న గాలిలో ఉన్నాడు. బరువు ఎంతసేపు మోసిందన్నదాన్నిబట్టి గాజు బలం మారుతుందని 1899లోనే ఫ్రాన్స్‌లో గ్రెనే గమనించాడు. అయినా పగుళ్ల శాస్త్రానికి పునాది వేసిన మనిషి దీన్ని పట్టుకోలేకపోయాడు. (ఇదే గ్రిఫిత్ తర్వాత ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజను ఆలోచన మీద కూడా నీళ్లు చల్లాడు. గొప్పవాళ్ల తప్పులు కూడా గొప్పగానే ఉంటాయి.)

ఆ దొంగ నీటి ఆవిరి. 1967లో అమెరికాలో వీడర్‌హార్న్ అనే శాస్త్రజ్ఞుడు మైక్రోస్కోపు స్లయిడ్లలో పగులు పుట్టించి, నైట్రోజన్ వాయువులో తేమను 0.017 శాతం నుంచి 100 శాతం దాకా మారుస్తూ, పగులు ఎంత వేగంగా నడుస్తోందో కొలిచాడు. తేమ పెరిగిన కొద్దీ అదే లాగుడుకు పగులు వేగం పెరిగింది. లాగుడు ఇంకా పెంచితే ఒక దశలో వేగం పెరగడం ఆగిపోయింది! ఎందుకంటే పగులు కొన అంత జోరుగా పోతుంటే నీటి అణువులు దాన్ని అందుకోలేకపోయాయి. ఇంకా పెంచితే నీటితో పనే లేకుండా పోయింది. ఒకే గ్రాఫులో ఈ మూడు దశలూ చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

కొన దగ్గర జరిగేదేమిటో 1982లో మిచాల్‌స్కీ, ఫ్రీమన్ చెప్పారు. అక్కడ సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ బంధం సాగి, వంగి ఉంటుంది. నీటి అణువు వచ్చి ఆక్సిజన్ వైపు నుంచి సిలికాన్‌ను పట్టుకుంటుంది, తన హైడ్రోజన్‌ను బంధంలోని ఆక్సిజన్‌కు ఇస్తుంది. బంధం తెగి, అటొక హైడ్రాక్సిల్, ఇటొక హైడ్రాక్సిల్ మిగులుతాయి. కొన ఒక బంధం దూరం జరుగుతుంది. తర్వాత ఇంకో అణువు వస్తుంది. అమ్మోనియా కూడా ఇదే పని చేయగలదని వాళ్లు చూపించారు.

సెంటీమీటరు పొడవున, బయటి పలక మందమంతా దిగిన చీలిక ఒక్కసారిగా పరుగెత్తాలంటే సుమారు 6 మెగాపాస్కళ్ల లాగుడు కావాలి. తేమ సాయపడితే అందులో సగానికన్నా తక్కువకే అది నెమ్మదిగా పాకుతుంది. ఆ లాగుడు ఎక్కడిదంటారా? అద్దం నడిభాగం ఎండకు కాగి, ఫ్రేము కింది అంచు చల్లగా ఉంటే అంచులో లాగుడు పుడుతుంది. ఒక్కో డిగ్రీ తేడాకు గరిష్ఠంగా 0.6 మెగాపాస్కల్ దాకా వస్తుంది. అంటే నాలుగైదు డిగ్రీలు చాలు. కారు బాడీ మెలితిరిగి ఉండటం, అద్దంలో తయారీనాడే మిగిలిన ఒత్తిళ్లు దీనికి అదనం. మూడు నెలలు కంటికి ఆనకుండా పాకిన చీలిక, ఏ రాత్రి చల్లబాటులోనో హద్దు దాటింది. ఎండలో కాగిన అద్దం మీద బకెట్ నీళ్లు కుమ్మరించేవాళ్లు రెండు పనులూ ఒకేసారి చేస్తున్నారు: బయటి పలకను గుంజుతున్నారు, చీలికకు నీళ్లూ పోస్తున్నారు.

రిపేరు చేసేవాళ్లు ముందు పెచ్చులోని గాలిని, తేమను లాగేసి, పల్చని రెసిన్‌ను ఒత్తిడితో కొనదాకా పంపి, అతినీలలోహిత దీపంతో గట్టిపరుస్తారు. చీలిక పెదవులు అతుక్కుంటే కొన తెరుచుకోదు, నీరూ చేరదు. గాజుకు దగ్గరగా కాంతిని వంచే రెసిన్ కాబట్టి మచ్చ కూడా చాలావరకు మాయమవుతుంది. ఎండలో చేస్తే కొనకు చేరకముందే గట్టిపడుతుంది, నీడలో చేయించాలి. టూత్‌పేస్టు, సూపర్ గ్లూ లాంటి ఇంటి వైద్యాలు పైన మూతి మూస్తాయి, కొనను ముట్టవు, తర్వాత వచ్చే రెసిన్‌కు దారి కూడా ఉండదు. అయినా ఇవే ఫోన్లలో తిరుగుతుంటాయి, ఏం చెప్పను!

పెచ్చు రూపాయి నాణెంలోపు ఉండి, బయటి పలకకే పరిమితమై, డ్రైవరు చూపుకు ఎదురుగా లేకుండా, అంచుకు దూరంగా ఉంటే రిపేరు చాలు, అదీ దుమ్ము, వాన చేరకముందే. మన పాఠకుడిది దాటిపోయింది, మార్చాల్సిందే. కొత్త అద్దానికి వాడే పాలీయురేతేన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకునే గట్టిపడుతుంది, కాబట్టి అతికించగానే తాళాలు అడగకండి. ఎందుకంటే ప్రమాదంలో డ్రైవరు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆ అద్దానికి ఆనుకునే తెరుచుకుంటుంది. అద్దం వెనక కెమెరా ఉన్న కార్లలో దాన్ని మళ్లీ సరిచేయించాలి, ఆ ఖర్చు బిల్లులో విడిగా అడగండి.