గింజలో గాజు

దసరా దాటగానే విత్తనాల గురించిన ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్నను పక్కన పెట్టడం నావల్ల కాలేదు. ఒకే బీరపాదు మీద ఎండిన కాయలు. కొన్నిటి గింజలు తీసి, కాగితం పొట్లం కట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల పెట్టెలో పెట్టారావిడ. మిగతా కాయలను వాళ్ల అత్తగారు తొక్కతోనే కట్టెలపొయ్యి పైన దూలానికి వేలాడదీశారు. మరుసటి ఏడాది ఫ్రిజ్ గింజలు ఏదో పేరుకి మొలిచాయి. దూలం గింజలు దాదాపు అన్నీ మొలిచాయి. "చల్లదనం విత్తనానికి మంచిదంటారు కదండీ, మరి ఇదేమిటి?" అని ఆవిడ ప్రశ్న.

ముందు మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. హైబ్రిడ్ ప్యాకెట్ తెచ్చి వేసిన మొక్క నుంచి గింజ కడితే మళ్లీ అదే కాయ రాదు. బీర, సొర, గుమ్మడి పుప్పొడిని పురుగులు మోస్తాయి కాబట్టి పక్కింటి పాదుతో కలిసిపోవచ్చు. టమాటా చాలావరకు తన పువ్వులోనే పని ముగించుకుంటుంది. విత్తనానికి పాదు బలంగా ఉన్నప్పుడే మంచి కాయను ఎంచి, గుడ్డపీలిక కట్టి వదిలేయాలి. చివర్లో మిగిలిన గిడసబారిన కాయ పనికిరాదు. అంతే. అసలు కథ కాయ ముదిరాక మొదలవుతుంది.

లేత గింజ బరువులో సగానికి పైగా నీరే. తీగ మీద కాయ ఎండేసరికి అది పదో వంతుకు అటూ ఇటూగా దిగిపోతుంది. జీవకణంలో అంత నీరు పోతే పొరలు ఒకదానికొకటి అతుక్కుపోవాలి, ప్రొటీన్లు ముడుచుకుపోయి పాడవ్వాలి. ఆకుకు జరిగేది అదే. గింజకు ఎందుకు జరగదు? కారణం, నీరు పోకముందే గింజ సిద్ధపడుతుంది. ఎదుగుదల చివరి రోజుల్లో సుక్రోజ్, రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను కణాల్లో నింపుకుంటుంది. (పప్పులు తింటే కడుపు ఉబ్బరించడానికి కారణం ఈ రాఫినోజ్ జాతి చక్కెరలే. మనకు అరగవు, పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెడతాయి.) వాటితోపాటు ఒక వింత ప్రొటీన్ల గుంపూ పోగవుతుంది. లియోన్ డ్యూర్ బృందం 1981లో పత్తి గింజల్లో వీటిని గుర్తించింది. నీళ్లలో ఉన్నంతసేపు వీటిలో చాలావాటికి స్థిరమైన ఆకారమే ఉండదు. నీరు తగ్గేకొద్దీ ఆకారం తెచ్చుకుని, పక్కనున్న పొరలకూ ప్రొటీన్లకూ కాపు కాస్తాయి.

ఇక్కడ జరిగేది చూస్తే నాకు ఎన్నిసార్లయినా ఆశ్చర్యమే. చివరి నీరు పోయేసరికి కణంలోని చిక్కటి ద్రవం స్ఫటికం కాదు, పొడి కాదు, గాజు అవుతుంది. మాటవరసకు అనడం లేదు. అణువులు ద్రవంలో ఉన్నట్టే అడ్డదిడ్డంగా ఉండి, కదలిక మాత్రం దాదాపు ఆగిపోయిన ఘనస్థితి అది. పల్లీపట్టి పాకం ఇలాంటిదే. ముదురు పాకం ఆరితే పటుక్కున విరుగుతుంది, అదే పట్టీని వానాకాలంలో డబ్బా మూత తీసి వదిలేస్తే సాగుతుంది. చక్కెర మారలేదు, గాలిలోని తేమ లోపలికి చేరి గాజును మెత్తబరిచింది. గింజలోనూ అంతే. గాజు గట్టిగా ఉన్నంతకాలం ఆక్సిజన్ తన చెడ్డపని నత్తనడకన చేస్తుంది. గాజు మెత్తబడితే కొవ్వులు చేదెక్కుతాయి, పొరలు కారతాయి, డీఎన్ఏ తెగుతుంది.

తేమ పెరిగితే చాలు చెడిపోతుందనుకోకండి. మరీ తడిసిన గింజ సంగతి వేరు. 1970లలో విలియర్స్ అనే శాస్త్రవేత్త లెట్యూస్ గింజలను పూర్తిగా నానబెట్టి, మొలకెత్తకుండా నిద్రావస్థలోనే ఉంచారు. అవి గాలి తేమలో దాచిన గింజల కంటే ఎక్కువకాలం బతికాయి. నీరు నిండుగా ఉంటే కణం ఊపిరి తీస్తుంది, తెగిన డీఎన్ఏను అతికించుకుంటుంది. పూర్తిగా ఎండితే గాజు కాపాడుతుంది. ఈ రెంటికీ నడుమ, గాజు కరిగి, మరమ్మతుకు చాలినంత నీరు లేని అరతడి ఉందే, గింజకు గండం అక్కడే. ఆ ఉత్తరంలోని కాగితం పొట్లం చేరింది సరిగ్గా అక్కడికే.

మమ్మీ గోధుమల నమ్మకం ఈ యంత్రాంగం తెలియకపోవడం వల్లే అన్నాళ్లు నిలిచింది. ఈజిప్టు సమాధుల్లో దొరికిన వేల ఏళ్లనాటి గోధుమలు మొలిచాయని పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో కథలు కథలుగా రాశారు. గైడ్లు కొత్త గింజలు అంటగట్టారు, కొన్నవాళ్లు మొలిపించి మురిసిపోయారు. నిజమైన సమాధి గింజలను లండన్‌లోని క్యూ అనే వృక్షశాస్త్ర తోటలో నాటి చూస్తే మొలక రాలేదు, మట్టిలో కలిసిపోయాయి. గాజులో వయసు నెమ్మదిస్తుంది, ఆగదు. అలాగని రెండువేల ఏళ్లు అసాధ్యమూ కాదు. మృతసముద్రం ఒడ్డున మసాదా కోట తవ్వకాల్లో దొరికిన ఖర్జూరపు గింజను 2005లో నాటితే మొలిచింది. దాని వయసు సుమారు 2000 ఏళ్లని రేడియోకార్బన్ పరీక్ష తేల్చింది. మెతూసెలా అని పేరు పెట్టారు. అక్కడి వేడి తక్కువేం కాదు. కాపాడింది పొడిగాలి.

ఇక ఫ్రిజ్ లెక్క. జేమ్స్ హారింగ్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త రెండు మోటు సూత్రాలు ఇచ్చారు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు. వేడి ఐదు డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. తేమ సూత్రం 5 నుంచి 14 శాతం మధ్యే పనిచేస్తుంది. ముప్ఫై డిగ్రీల నుంచి ఐదుకు దించితే ఐదు రెట్టింపులు, అంటే 32 రెట్లు. తేమను 14 నుంచి 7కు దించితే ఏడు రెట్టింపులు, 128 రెట్లు. కూరగాయల పెట్టెలో ఆకుకూరల తేమంతా కాగితం పొట్లంలోకి పోతుంది. పొట్లం బయటికి తీసిన ప్రతిసారీ చల్లటి గింజ మీద గాలిలోని ఆవిరి నీరై దిగుతుంది. పొయ్యి పైన గాలి వెచ్చన, అందుకే పొడి. కాయ తొక్కలోనే నిదానంగా ఆరడంతో గింజకు గాజు కట్టుకునే వ్యవధీ దొరికింది. ఆ అత్తగారి పద్ధతిని పాతకాలపు అలవాటని తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన భాండాగారంలోనూ ముందు పొడిగాలి గదిలో ఆరబెట్టి, ఆ తర్వాతే శీతల గదిలోకి పంపుతారు.

మామిడి టెంకకు, పనస గింజకు ఇదేదీ పట్టదు. వాటికి గాజు కట్టే విద్య రాదు, ఎండితే చస్తాయి. తిన్న వారంలోనే నాటుకోవాలి.

చివరికి ఏం చేయాలని అడుగుతారు కాబట్టి చెబుతాను. తెలంగాణలో దసరా తర్వాత గాలి పొడిబారుతుంది, పని సులువు. నెల్లూరు వైపు అప్పుడే వానలు, అక్కడివాళ్లు సంక్రాంతి దాకా ఆగాలి. పచ్చి గింజను మండుటెండలో వేయకండి, నీడన ఆరాక లేత ఎండ చూపండి. వంచితే వంగకుండా విరిగే సొర గింజ సిద్ధమైనట్టు. గాజు సీసా అడుగున వేయించి చల్లార్చిన బియ్యం పోసి, గుడ్డమూటలో గింజలు పెట్టి, బిగుతుగా మూత పెట్టండి. అప్పుడు ఫ్రిజ్ నిజంగా పనికొస్తుంది. తీసేటప్పుడు సీసా గది వేడికి వచ్చేదాకా మూత ముట్టుకోవద్దు. ఇలా దాస్తే బీర, సొర, టమాటా నాలుగైదేళ్లు నిలుస్తాయి. ఉల్లి విత్తనం మాత్రం ఏడాది దాటితే నమ్మకండి.