బొమ్మ మనది, హక్కు ఎవరిది?

పిల్లల కోసం కథలు రాస్తూ, బొమ్మలు వేస్తూ బతకగలమా? భద్రాచలం హాస్టళ్లలో చదివే దళిత, ఆదివాసీ విద్యార్థులు ఇలా అడిగితే మేము తీపి మాటలు చెప్పం. తెలుగు పిల్లల పుస్తకాల మీదే ఇల్లు గడవడం కష్టం. టీచరు ఉద్యోగమో, అనువాదమో, డిజైన్ పనో తోడుండాలి. అయితే దారి లేకపోలేదు, మనవాళ్లే వేశారు.

కుండ, తోలు, నేత, చాకిరేవు వెనకున్న విజ్ఞానం గురించి కంచ ఐలయ్య పిల్లల కోసం రాసిన పుస్తకాన్ని 2007లో నవయాన ప్రచురించింది. దానికి బొమ్మలు వేసింది మధ్యప్రదేశ్‌కు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్. ఆమె బడి చదువు చదవలేదు. గోడల మీద, నేల మీద వేసే దిగ్నా బొమ్మలే ఆమె చదువు. 2011లో భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి అంబేద్కర్ జీవితాన్ని 'భీమాయన'గా గీశారు. 2008లో హైదరాబాద్ అన్వేషి తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్'లో గోగు శ్యామల కథలు కూడా పిల్లల పుస్తకంగా వచ్చాయి.

అసలు బొమ్మలతో కథ చెప్పడం ఈ అడవికి కొత్తా? కోయల పడిగె చూడండి. పొడవాటి మూడు కోణాల గుడ్డ మీద వేల్పుల కథ, వంశం కథ బొమ్మలుగా ఉంటాయి. మణుగూరు ప్రాంతపు కోయ గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ మౌఖిక చరిత్ర పాడినందుకే. అయితే పడిగె పూజలో ఉండేది. పుస్తకంలోకి తేవాలంటే ఆ వంశం పెద్దల మాట తీసుకోవాల్సిందే, మనమే రాసినా సరే.

ఇక డబ్బు సంగతి. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాస్తే తప్ప, కథకు మొదటి హక్కుదారు రాసినవారే. కానీ ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే హక్కుదారు! కాబట్టి కుంచె పట్టకముందే కాగితం అడగండి. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీకి రాత, సంతకం ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 'సర్వహక్కులూ శాశ్వతంగా' అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయమనండి. రాయల్టీ ఎంత, మళ్లీ అచ్చువేస్తే ఎంత, అట్ట మీద బొమ్మలు వేసినవారి పేరు ఉంటుందా, ఇవన్నీ అడగడం మొహమాటపడే విషయాలు కావు.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో కథ పెడితే, మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. చేయి తిరగడానికి మంచిది. దాచుకోవాలనుకున్న కథ మాత్రం అక్కడ పెట్టకండి. దానికి పదహారు పేజీల నమూనా పుస్తకం చేత్తో కుట్టి, పెన్సిల్ బొమ్మలతో మీ ఊరి పిల్లలకు చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ దిక్కులు చూస్తారో ఆ పేజీ మార్చి, అప్పుడు మంచి పుస్తకం లాంటి ప్రచురణకర్తలకు పంపండి.