పిల్లకాలువ ఎవరిది?

కాలువకు నీళ్ళు వదిలారని తెలియగానే మీరు తూము దగ్గరికి పరుగెత్తుతారు. అక్కడ నీళ్ళు నిండుగానే కనిపిస్తాయి. నాలుగు రోజులైనా మీ కయ్యలోకి మాత్రం రావు. ఎగువ రైతును తిడతారు, లస్కరును తిడతారు, ఇంజనీరును తిడతారు. వాళ్ళ తప్పు ఉంటే ఉండొచ్చు. కానీ తూముకూ మీ చేనికీ నడుమ ఉన్న పిల్లకాలువను ఒకసారి చూశారా? అందులో జమ్ము కోసి ఎన్నేళ్ళయింది? దాని గట్టు మీద కంప అడ్డం లేకుండా మనిషి నడిచి ఎన్నాళ్ళయింది?

ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల రైతులకు నీటి కష్టం కొత్తగా చెప్పక్కర్లేదు. ఓర్వకల్లు వైపు పుట్టిన కుందూ నంద్యాల మీదుగా ఈ నల్లరేగళ్ళలో పారి, కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కె.సి. కెనాలుకు కూడా సంతజూటూరు, రాజోలి ఆనకట్టలు కుందూ మీదే ఉన్నాయి. 1860లలో మద్రాసు కంపెనీ ఒకటి పడవలు నడపడానికీ, పైరుకూ కలిపి ఈ కాలువ తవ్వింది. 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపు 39.9 టి.ఎం.సి.లు. అంటే ఒక్కో టి.ఎం.సి.కి సుమారు 6,600 ఎకరాలు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. చివరి భూములకు అందకపోవడానికి పైనుంచి నీళ్ళు తక్కువ రావడం ఒక కారణం. దారిలో పోగొట్టుకోవడం రెండో కారణం. మొదటిది మన చేతిలో లేదు.

1996లో జపాను అప్పు కుదిరి కె.సి. కెనాల్ ఆధునికీకరణ జరిగింది. పెద్ద కాలువకు ఎంత సిమెంటు పోసినా, పిల్లకాలువ పూడిపోతే చివరి రైతుకు ఒరిగేదేమీ లేదు.

పాత కట్టుబాటు

మన పెద్దలు ఈ పనిని సర్కారుకు వదిలిపెట్టలేదు. ఊరికి నీరుగంటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, వంతు ప్రకారం నీళ్ళు కట్టడం, గట్టుకు గండి పడితే ఊరికి చెప్పడం అతని పని. కళ్ళంలో ప్రతి రైతూ అతనికి మేర కొలిచేవాడు. ఏటా కాలువల్లో, చెరువుల్లో పూడిక తీయడానికి ఇంటికో మనిషి రావాలి. దీన్నే కుడిమరామత్తు అన్నారు. చెరువు బాగోగులు చూసేవారికి దశబంధం మాన్యాలు ఉండేవి. పక్క జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో రాసి ఉంది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. కట్టిన వాళ్ళ గొప్పతనం ఎంతో, ఏటా మన్ను మోసిన వాళ్ళదీ అంతే.

ఇంగ్లీషు వాళ్ళు ఈ ఆచారాన్ని 1858 నాటి మద్రాసు చట్టంలో పెట్టారు. గండి పడినప్పుడు ఊరివాళ్ళు రావాల్సిందే. ఆచారంగా వచ్చే పనిని ఎగ్గొడితే దాని ఖరీదుకు రెండింతలు కట్టాల్సిందే. చట్టం వచ్చింది గానీ కట్టుబాటు సడలిపోయింది. ఒకవైపు మాన్యాలు ఊడబెరుకుతూ, ఇంకోవైపు పని చెయ్యమంటే ఎవరు చేస్తారు? 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచిన వాళ్ళలో మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్రోతులు ఎందరో ఉన్నారని గుర్తు చేసుకోండి.

అలాగని పాతదంతా బంగారమని చెప్పడం లేదు. మన్ను మోసింది ఎక్కువగా పేదవాళ్ళు, నీళ్ళు ముందు పారింది పెద్ద కమతాలకు. ఆ పద్ధతి తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. పని మాత్రం అలాగే మిగిలి ఉంది.

1997లో మన రాష్ట్రంలో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. కొన్నేళ్ళు జోరుగా నడిచి, తర్వాత చాలాచోట్ల పేరుకే మిగిలాయి. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుడెవరో మీకు తెలుసా? వంతుల పట్టిక తయారుచేయడం, మరమ్మతుల ప్రణాళిక వేయడం, జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో పెట్టడం, సభ్యుల తగాదాలు తీర్చడం సంఘం విధులని చట్టమే చెప్పింది. కాలువ గట్ల మీద చెట్లు పెంచించే పని కూడా అందులో ఉంది. ఇవన్నీ అడిగి తీసుకోవలసినవి. అడగనివాడికి కాంట్రాక్టరు బిల్లు మాత్రమే కనిపిస్తుంది.

స్పెయిన్‌లో వాలెన్షియా అనే ఊరుంది. అక్కడ ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి గుమ్మం ముందు నీటి పంచాయితీ జరుగుతుంది. తీర్పు చెప్పేది ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న ఎనిమిది మంది రైతులే. ప్లీడర్లు ఉండరు, మాటల మీదే విచారణ. వందల ఏళ్ళుగా సాగుతున్న ఈ పద్ధతిని 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన రచ్చబండకు అది మరీ దూరమేమీ కాదు. వారానికో రోజు, ఒక వేళ, అందరికీ తెలిసిన చోటు. అంతవరకు మనమూ పెట్టుకోవచ్చు.

నీళ్ళు వదలకముందు

నీళ్ళు రావడానికి నెల ముందే, తూము నుంచి చివరి కయ్య దాకా గట్టు మీద అందరూ కలిసి నడవండి. ఎగువ రైతు కూడా రావాలి. చివరి మడిని అతను కళ్ళారా చూడటం మంచిది. ఎక్కడ పూడింది, ఎక్కడ గట్టు కోసుకుపోయింది, ఎక్కడ ఎవరు కాలువను చేనులో కలుపుకున్నారు, అక్కడికక్కడే రాసుకోండి. గట్టు దారి బాగుంటేనే రాత్రి టార్చిలైటు పట్టుకుని నీళ్ళు కట్టే మనిషి పాముకు భయపడకుండా నడవగలడు.

పూడిక తీత చివరి నుంచి ఎగువకు రావాలి. తూము దగ్గర లోతుగా తవ్వి దిగువన వదిలేస్తే నీళ్ళు అక్కడే గుంటలో నిలుస్తాయి. యంత్రం పెట్టినప్పుడు ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది. తీసిన మన్ను గట్టు అంచున పోయకండి, తొలి వానకే మళ్ళీ లోపలికి జారుతుంది. ఒండ్రు మంచి ఎరువు, బండ్లతో చేలకు తోలుకోండి. నల్లరేగడిలో ఎండకు గట్లు నోళ్ళు తెరుస్తాయి. ఎలుక, ఎండ్రకాయ బొక్కలు దానికి తోడు. తొలి తడి ఇచ్చే రోజున పార పట్టుకుని మనిషి వెంట నడవాల్సిందే. ట్రాక్టరు దాటే చోట గట్టు తెగ్గొట్టకుండా సిమెంటు గొట్టం వేయించండి. దమ్ము చక్రాలతో గట్టు మీదికి ఎక్కించనివ్వకండి.

పిల్లకాలువ సంగతి ఇలా ఉంటే వాగుల సంగతి ఇంకోలా ఉంది. కుందూలో కలిసే వాగుల ఒడ్లను చేలలో కలుపుకుంటూ పోతే, పెద్ద వాన వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడికి పోవాలి? 2019 సెప్టెంబరులో నంద్యాల ప్రాంతం వరదలో ఎలా మునిగిందో చూశారు. వాగు పోరంబోకు, బండ్లబాట హద్దులు సర్వే పటంలో ఉంటాయి. మండల సర్వేయరుతో కొలిపించి రాళ్ళు నాటించమని అర్జీ పెట్టండి. పదిమంది సంతకాలు చేసి ఇవ్వండి, ఒక్కరే ఇస్తే అది పగగా మారుతుంది.

కౌలు రైతులకు ఒక మాట. హక్కుల రికార్డులో కౌలుదారుగా నమోదైతే 1997 చట్టం మిమ్మల్నీ భూమి కలిగినవారి కిందే లెక్కిస్తుంది. సంఘం సభ్యుల జాబితాలో మీ పేరు ఉందో లేదో ముందుగా చూసుకోండి. పట్టా భార్య పేరున ఉంటే సమావేశానికి ఆమే వెళ్ళాలి.