పక్షి ఛాయాగ్రహణం

ఉద్దేశం

తీరిక వేళల వినోదంగా కనిపించే పక్షి ఛాయాగ్రహణంలోని ఓర్పును, శాస్త్రోపయోగాన్ని, దానితోపాటు వచ్చే బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నిషధ రాజైన నలుడు కొలను ఒడ్డున నిద్రిస్తున్న బంగారు హంసను చప్పుడు కాకుండా సమీపించి పట్టుకొన్నాడు. తన మీదనే ఆధారపడిన తల్లిని, భార్యను, పసికూనలను తలచుకొని హంస విలపించింది. రాజు మనసు కరిగి దానిని విడిచిపెట్టాడు. శ్రీనాథుడు తెలుగు చేసిన శృంగార నైషధంలో ఆ తర్వాతి కథంతా ఈ విడిచిపెట్టడం మీదనే నిలిచింది. మేలు మరువని హంస తిరిగివచ్చి, దమయంతి వద్దకు రాయబారిగా వెళ్లింది. చేత చిక్కిన పక్షి కంటె చేయి విడిచిన పక్షి వలన కలిగే లాభమే గొప్పదని ఆ కథ సూచిస్తున్నది.

పక్షి ఛాయాగ్రహణం ఈ కోవకు చెందిన వ్యాసంగం. స్వేచ్ఛగా సంచరించే పక్షిని, దాని నెలవులోనే, దాని పనికి అంతరాయం కలగకుండా కెమెరాతో చిత్రించడమే పక్షి ఛాయాగ్రహణం. వేటగానికి కావలసిన నేర్పులన్నీ ఇందులోనూ కావాలి. పక్షి జాడ తెలిసి ఉండాలి. పొంచి కూర్చోవాలి. గురి తప్పకూడదు. అయితే చివరకు పక్షి తన దారిన తాను ఎగిరిపోవాలి. చిత్రం మాత్రమే మన వద్ద మిగలాలి.

తుపాకి నుండి కెమెరాకు

పక్షిశాస్త్రం తొలిరోజులలో తుపాకితో ముడిపడి ఉండేది. ఒక పక్షి ఫలానా చోట ఉన్నదని నిరూపించాలంటే దానిని కొట్టి, చర్మాన్ని భద్రపరచి చూపవలసి వచ్చేది. ప్రఖ్యాత పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నాటి హైదరాబాదు రాజ్యంలో పక్షుల సర్వే జరిపినప్పుడు కూడా నమూనాలను సేకరించే పద్ధతినే అనుసరించాడు. నాటికి అదే శాస్త్రమార్గం.

కెమెరాతో పక్షులను సమీపించే ప్రయత్నం అంతకు ముందే ఇంగ్లండులో మొదలయింది. రిచర్డ్, చెర్రీ కీర్టన్ అనే సోదరులు 1892లో ఒక పక్షి గూటిని గుడ్లతో సహా ఛాయాచిత్రంగా తీశారు. 1895లో గూళ్ల ఛాయాచిత్రాలతో ఒక గ్రంథాన్ని వెలువరించారు. పక్షులు బెదరకుండా ఉండేందుకు వారు బోలుగా చేసిన ఎద్దు ఆకారంలో దూరి, లోపలి నుండి చిత్రాలు తీసేవారు. పరికరాలు బరువైనవి, పలకలు ఖరీదైనవి. ఇప్పుడు డిజిటల్ కెమెరాలు వచ్చి ఆ శ్రమను తగ్గించాయి గాని, ఆ ఓర్పు అవసరాన్ని తగ్గించలేదు.

మూడు జిల్లాలు - మూడు నెలవులు

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఈ వ్యాసంగానికి అనువైన మూడు భిన్నమైన నెలవులను మన ముందుంచుతున్నాయి.

జనగామ ప్రధానంగా మెట్టనేల. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన బమ్మెర ఈ జిల్లాలోనివే. రాతిగుట్టలు, తాటివనాలు, బీళ్లు, చెరువులు ఇక్కడి దృశ్యాలు. తాటిమట్టలకు, బావిగట్టున వంగిన కొమ్మలకు గిజిగాడు గూళ్లు వేలాడుతుంటాయి. కరెంటు తీగల మీద పాలపిట్ట, పసులపోలిగాడు కూర్చుంటాయి. కొత్తగా ఈ విద్య నేర్చేవారికి ఇంతకంటె మంచి బడి లేదు. వెలుతురు ధారాళంగా ఉంటుంది, పక్షి స్పష్టంగా కనిపిస్తుంది.

మహబూబాబాద్ జిల్లాలోని గూడూరు, కొత్తగూడ ప్రాంతాలు అడవి నెలవులు. 1952లో ప్రకటించిన పాఖాల అభయారణ్యం ఇటువైపు కూడా విస్తరించి ఉన్నది. ఆ అరణ్యానికి పేరునిచ్చిన చెరువు పొరుగున వరంగల్ జిల్లాలో ఉన్నది. అది కాకతీయ గణపతిదేవుని కాలంనాటిది. అడవిలో పక్షిని కంటితో కంటె ముందు చెవితోనే గుర్తించాలి. నెమలి కేక, అడవికోడి కూత దారి చూపుతాయి. తెల్లని రిబ్బను వంటి పొడవైన తోకగల తోకపిగిలిపిట్ట కొమ్మల నీడలో మెరిసి మాయమవుతుంది. ఇక్కడ వెలుతురు తక్కువ. చిత్రకారునికి పరీక్ష ఎక్కువ.

భూపాలపల్లి జిల్లాలో అడవికి తోడు నది ఉన్నది. కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. కోటగుళ్లు ఉన్న గణపురంలో కాకతీయులు తవ్వించిన గణపసముద్రం ఉన్నది. నీటికాకులు, కొంగలు, లకుముకిపిట్టలు నీటినే నమ్ముకొన్నవి. చలికాలంలో ఉత్తరదిక్కు నుండి వలస బాతులు మన చెరువులకు వస్తాయి.

ఓర్పు - నేర్పు

దూరాన ఉన్న చిన్న ప్రాణిని పెద్దదిగా చూపడానికి నాభ్యంతరం ఎక్కువగా ఉన్న లెన్సు కావాలి. సాధారణంగా 300 నుండి 600 మిల్లీమీటర్ల లెన్సులను వాడుతారు. లెన్సు పొడవు పెరిగినకొద్దీ చేతి వణుకు కూడా చిత్రంలో పెద్దదవుతుంది. అందువలన 400 మిల్లీమీటర్ల లెన్సును చేతపట్టి తీసేటప్పుడు షట్టరు కనీసం సెకనులో 400వ వంతు వేగంతో పనిచేయాలని ఒక స్థూలమైన నియమం. ఎగిరే పక్షికి సెకనులో 2000వ వంతు వరకు వేగం అవసరం కావచ్చు. ఉదయపు ఏటవాలు వెలుగు ఈకల మడతలను చూపుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ వాటిని చెరిపివేస్తుంది. చిత్రంలో పక్షి కన్ను స్ఫుటంగా ఉండాలి. కన్ను మసకబారితే మిగిలిన అందమంతా వృథా.

అయితే పరికరం కంటె పక్షి స్వభావం తెలియడం ముఖ్యం. పాలపిట్టనే తీసుకొందాం. అది తీగ మీదనో, ఎండుకొమ్మ మీదనో కూర్చుని నేలను పరికిస్తుంది. మిడత కనబడగానే వాలి, దానిని పట్టుకొని, తరచుగా మళ్లీ అదే చోటికి వస్తుంది. ఈ అలవాటు తెలిసినవాడు పక్షి వెంట పరుగెత్తడు; అది తిరిగివచ్చే చోటికి ఎదురుగా, తగినంత దూరంలో కూర్చుంటాడు. కూర్చున్నప్పుడు గోధుమవన్నెతో సామాన్యంగా కనిపించే ఆ పక్షి, రెక్క విప్పిన క్షణంలో నీలాల రాశి అవుతుంది. ఆ నీలం రంగుపదార్థం వలన వచ్చినది కాదు. ఈకలోని సూక్ష్మ నిర్మాణం కాంతిని వెదజల్లడం వలన ఏర్పడినది. ఒక్క రెక్కవిప్పు కోసం గంటసేపు నిరీక్షించినవాడు ఆ గంటలో పక్షి ఆహారం, శత్రువులు, హద్దులు అన్నీ నేర్చుకొంటాడు.

చిత్రమే సాక్ష్యం

మంచి ఛాయాచిత్రం అందమైన వస్తువు మాత్రమే కాదు, సాక్ష్యం కూడా. మన పల్లెల్లో చెట్లపై గుంపుగా గూళ్లు కట్టే తెల్లని కొంగలను చాలామంది 'సైబీరియా కొంగలు' అంటారు. పత్రికలు కూడా అలాగే వ్రాస్తుంటాయి. ఆ పక్షిని దగ్గరగా చూపే చిత్రాన్ని పరిశీలిస్తే, తరచుగా దాని ముక్కు రెండు భాగాల నడుమ సందు కనిపిస్తుంది. అది నత్తలను తినే నత్తగుల్లకొంగ. మన దేశపు పక్షియే. అసలు సైబీరియా కొంగకు ముఖం ఎర్రగా ఉంటుంది, ముక్కులో సందు ఉండదు. అది చిత్తడినేలల మీద గూడు కడుతుందే గాని చెట్టెక్కదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు శీతకాలపు అతిథిగా వచ్చే ఆ కొంగ 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. తరాల తరబడి వచ్చిన పొరపాటును ఒక్క స్పష్టమైన చిత్రం సరిదిద్దగలదు.

కలివికోడి కథ మరింత ఆలోచింపజేస్తుంది. అంతరించినదనుకొన్న ఈ పక్షి 1986లో కడప జిల్లా చిట్టడవులలో మళ్లీ దొరికింది. కాని, చేతికి చిక్కిన ఆ పక్షి బతకలేదు. తరువాతి కాలంలో పరిశోధకులు దాని ఉనికిని తెలుసుకొనడానికి దానంతట అదే చిత్రం తీసే కెమెరాలను పొదల మధ్య అమర్చారు. పట్టుకోకుండానే పక్షిని తెలుసుకొనే మార్గం ఏర్పడింది.

నేడు ఔత్సాహికులు తమ పరిశీలనలను, చిత్రాలను 2002లో అమెరికాలో ప్రారంభమైన ఈబర్డ్ వంటి వేదికలలో నమోదు చేస్తున్నారు. ఇటువంటి 30,000 మందికి పైగా పరిశీలకుల సమాచారం ఆధారంగా 2023లో భారతదేశ పక్షుల స్థితిపై ఒక నివేదిక వెలువడింది. మన పాలపిట్ట సంఖ్య తగ్గుతున్నదనీ, దాని స్థితిని అంతర్జాతీయ స్థాయిలో పునఃపరిశీలించాలనీ ఆ నివేదిక పేర్కొన్నది. 2014లో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటింపబడిన పక్షి గురించిన హెచ్చరిక ఇది. తేదీ, స్థలం తెలిపి నమోదు చేసిన విద్యార్థి చిత్రం కూడా ఇటువంటి లెక్కలో ఒక గింజ అవుతుంది.

హద్దులు

చిత్రం మీది మోజు పక్షికి హాని కావడం కూడా కద్దు. తీతువు బీటిన నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మండువేసవిలో తల్లిపక్షి గుడ్లకు నీడపట్టి నిలుస్తుంది. పొట్ట ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి వాటిని చల్లబరుస్తుంది. మనం గూటి వద్ద తిష్ఠవేస్తే తల్లి తొలగిపోతుంది. అప్పుడు గుడ్లు ఎండకు మాడుతాయి, లేదా కాకుల పాలవుతాయి. మనకు చిత్రం దక్కుతుంది, దానికి సంతానం దక్కదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పక్షుల గుడ్లకు, గూళ్లకు కలత కలిగించడాన్ని కూడా 'వేట' అనే మాటలోనే చేర్చింది. చేతిలో ఉన్నది తుపాకియా, కెమెరాయా అని కాక, పక్షికి ఏమి జరిగిందని చట్టం అడుగుతున్నది.

కాబట్టి గూటికి దూరంగా ఉండాలి. అడ్డువచ్చిన కొమ్మలను నరకరాదు. రికార్డు చేసిన కూతలను వినిపించి పక్షిని మోసగించరాదు. రాత్రివేళ గుడ్లగూబ కళ్లలో ఫ్లాష్ వెలిగించరాదు. అరుదైన పక్షి గూడు ఉన్న చోటును బహిరంగంగా ప్రకటించరాదు. అభయారణ్యంలో అటవీశాఖ నియమాలను పాటించాలి. పక్షి మేత మాని, మెడ నిక్కించి మనవైపే చూస్తున్నదంటే, మనం అప్పటికే హద్దు దాటామని గ్రహించి వెనుకకు జరగాలి.

దసరానాడు పాలపిట్టను చూడడం శుభమని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకొని కొందరు ఆ పక్షిని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి డబ్బుకు చూపుతున్నారు. పెద్దలు శుభమన్నది పొలాల మీద ఎగిరే పాలపిట్ట దర్శనమే గాని, బందీ దర్శనం కాదు. పక్షిని దాని ఆకాశంలోనే చూడగలిగే కన్నును పెంపొందించడమే ఈ వ్యాసంగం ఇచ్చే అసలైన ఫలం.

కఠిన పదాలకు అర్థాలు

వ్యాసంగం = అభిరుచితో చేసే పని
నెలవు = నివాస స్థానం
స్ఫుటం = స్పష్టం
ఔత్సాహికుడు = ఉత్సాహంతో పాల్గొనేవాడు

ప్రశ్నలు

1. నలుని కథకు, పక్షి ఛాయాగ్రహణానికి గల సంబంధాన్ని వివరించండి.
2. ఛాయాచిత్రం శాస్త్రానికి సాక్ష్యంగా ఎలా ఉపయోగపడుతుందో ఉదాహరణలతో తెల్పండి.
3. మీ ఊరి చెరువు వద్ద కనిపించే ఐదు పక్షుల స్థానిక నామాలను పెద్దలనడిగి సేకరించండి.