పాపకు నాట్యం ఎక్కడ నేర్పిద్దాం?

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క కాశీబుగ్గలో జీడిపప్పు బట్టీలో పని చేస్తుంది. కూతురికి నాట్యం నేర్పించాలని ఆమె ఆశ. ఎక్కడ చేర్చాలి?

ముందు పాపనే అడగాలి. బడి వార్షికోత్సవానికి ఒక్క పాట చాలా? అయితే దగ్గర్లో ఎవరు నేర్పినా సరే. కూచిపూడి కావాలా? దానికి ఏళ్లు పడతాయి. మొదట అడుగులు, తాళం. పాట తర్వాతే. పెద్దయ్యాక ఇంకా నేర్వాలంటే విజయనగరంలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అది 1919 నాటిది.

డబ్బు కట్టక ముందు ఒక పూట కూర్చుని చూడండి. తప్పు అడుగును గురువు దిద్దుతున్నారా? నెల ఫీజు ఎంత? గజ్జెలకు, బట్టలకు, స్టేజీకి వేరే ఎంత? అసలు ఖర్చు అక్కడే. కాగితం మీద రాయించుకోండి.

అక్క ఆ కాగితం తానే కూడబలుక్కుని చదివింది. బట్టల అద్దె దగ్గర ఆగింది. "ఇది ముందు చెప్పలేదేటి?" అని అడిగింది.