క్యూఎల్‌ఈడీ అని రాసుంటే సరిపోదు: టీవీ కొనే ముందు ప్యానెల్ వెనకాల ఏముందో చూడండి

రెండేళ్ల కిందట నాన్న రిటైర్ అయినప్పుడు ఇంటికి కొత్త టీవీ కొన్నాం. బడ్జెట్ 40 వేలు. డబ్బులు నాన్నవి, సెలెక్షన్ నాది. 55 అంగుళాలు, 4కే, బాక్స్ మీద పెద్ద అక్షరాలతో క్యూఎల్‌ఈడీ, పక్కనే హెచ్‌డీఆర్10 లోగో. స్పెక్స్ షీట్ చూసి నేనే ఓకే చేశాను. పగలు బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. రాత్రి లైట్లు ఆపేసి సినిమా పెట్టాం. అడవిలో చీకటి సీన్ వచ్చింది. నాన్న కాసేపు చూసి, "ఏంట్రా, చీకటి బూడిద రంగులో ఉంది?" అన్నారు.

సెట్టింగ్స్ అన్నీ తిరగేశాను, లాభం లేదు. టీవీలో లోపమేం లేదు, ఆ రకం ప్యానెల్ పద్ధతే అంత. క్యూఎల్‌ఈడీ అంటే ఏంటో సగం తెలుసుకుని కొన్నది నేను. ఆ మిగతా సగం ఇప్పుడు చెప్తాను.

క్యూఎల్‌ఈడీ రంగుల సంగతి, నలుపు సంగతి కాదు

షాపులో "ఎల్‌ఈడీ టీవీ" అనేదీ, "క్యూఎల్‌ఈడీ టీవీ" అనేదీ రెండూ ఎల్‌సీడీలే. ఎల్‌సీడీ పిక్సెల్ సొంతంగా వెలగదు. వెనకాల ఎల్‌ఈడీ లైట్లు వెలుగుతుంటాయి, ముందున్న లిక్విడ్ క్రిస్టల్ పొర కిటికీ తలుపులా తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ వెలుతుర్ని వదులుతుంది. నలుపు కావాలంటే తలుపు పూర్తిగా మూసుకోవాలి. కానీ ఏ తలుపుకైనా సందు ఉంటుంది కదా, అక్కడ్నించి కాస్త వెలుతురు కారుతూనే ఉంటుంది. మనం చూసే బూడిద రంగు అదే.

ఎంత కారుతుందనేది ప్యానెల్ రకాన్ని బట్టి ఉంటుంది. ఐపీఎస్ ప్యానెల్ కాంట్రాస్ట్ సుమారు 1000:1. వీఏ ప్యానెల్‌కి 3000 నుంచి 5000:1 దాకా వస్తుంది. అంటే తెలుపు 300 నిట్స్ ఉన్నప్పుడు ఐపీఎస్‌లో "నలుపు" 0.3 నిట్స్ వెలుగుతుంటే, 5000:1 ఉన్న వీఏలో 0.06 మాత్రమే. చీకటి గదిలో ఈ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఐపీఎస్‌కి ఉన్న లాభం వేరు: పక్క నుంచి చూసినా రంగు మారదు. వీఏలో ఓ మూల కూర్చున్నవాళ్లకి బొమ్మ పాలిపోతుంది.

మరి క్యూ అక్షరం ఎందుకు? అది క్వాంటమ్ డాట్స్‌ది. కొన్ని నానోమీటర్ల సైజు ఉండే క్రిస్టల్స్ ఇవి. సైజుని బట్టి అవి ఇచ్చే రంగు మారుతుంది. నీలం ఎల్‌ఈడీ వెలుతురు వీటి మీద పడితే స్వచ్ఛమైన ఎరుపు, ఆకుపచ్చ వస్తాయి. వీటిని కనిపెట్టి, తయారుచేసే పద్ధతి చూపించినందుకే 2023లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. మంచి టెక్నాలజీ, సందేహం లేదు. పట్టుచీర ఎరుపు, వరిచేను పచ్చదనం నిజంగానే బాగా వస్తాయి. కానీ తలుపు సందులోంచి కారే వెలుతుర్ని ఇది ఏమీ చేయలేదు. క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అని పేర్లు వింటే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, లోపల చుట్టరికమే లేదు.

అసలు తేడా బ్యాక్‌లైట్‌లో

ఎల్‌సీడీలో నలుపు బాగుండాలంటే ఒకటే దారి, చీకటి ఉన్నచోట వెనకాల లైటు కూడా తగ్గించడం. దీన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు. బడ్జెట్ టీవీల్లో ఇది ఉండదు. ఎల్‌ఈడీలు అంచుల్లో ఉన్నా, వెనకాల అక్కడక్కడా అమర్చినా, అన్నీ కలిసే వెలుగుతాయి. లోకల్ డిమ్మింగ్ ఉన్న టీవీలో వెనక లైట్లని జోన్లుగా విడగొట్టి, దేనికది విడిగా కంట్రోల్ చేస్తారు. మినీ ఎల్‌ఈడీ అంటే ఆ లైట్లని చాలా చిన్నవిగా చేసి, వేల సంఖ్యలో పెట్టి, జోన్లు పెంచడం.

అలాగని మినీ ఎల్‌ఈడీ అని చూడగానే పొంగిపోకండి. 4కే స్క్రీన్‌లో సుమారు 83 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. 500 జోన్లు ఉన్న టీవీలో ఒక్కో జోన్ దాదాపు 16,600 పిక్సెల్స్‌ని చూసుకోవాలి. నల్లటి ఆకాశంలో చందమామ ఉంటే ఆ జోన్ మొత్తం వెలగాల్సిందే, అందుకే చుట్టూ పొగమంచులా వెలుతురు కనిపిస్తుంది. దీన్ని బ్లూమింగ్ అంటారు. జోన్లు తక్కువైతే ఈ గోల ఎక్కువ. బాక్స్ మీద మినీ ఎల్‌ఈడీ అని రాసి, జోన్లు ఎన్నో రాయని టీవీలు చాలానే ఉన్నాయి. ఆ నంబర్ అడగండి. సేల్స్‌మన్‌కి తెలియకపోతే రివ్యూల్లో వెతకండి, దొరకకపోతే పక్క మోడల్ చూడండి.

మరి ఓఎల్‌ఈడీ కొనేయొచ్చుగా?

ఓఎల్‌ఈడీలో ఈ తలుపుల కథే లేదు. ప్రతి పిక్సెల్ సొంతంగా వెలుగుతుంది, ఆరిపోతే పూర్తి చీకటి. పక్క నుంచి చూసినా బాగుంటుంది, గేమింగ్‌లో రెస్పాన్స్ కూడా చాలా వేగం. ఎల్‌జీ 2013లో 55 అంగుళాల ఓఎల్‌ఈడీని మార్కెట్లోకి తెచ్చింది. 2022లో సామ్‌సంగ్, సోనీ టీవీల్లో క్వాంటమ్ డాట్స్‌ని ఓఎల్‌ఈడీకి కలిపిన క్యూడీ-ఓఎల్‌ఈడీ కూడా వచ్చింది. రాత్రిపూట సినిమాలు చూసేవాళ్లకి, పీఎస్5 ఉన్నవాళ్లకి నేను ఇంకో మాట లేకుండా దీన్నే చెప్తాను. ధర మాత్రం 55 అంగుళాలకి లక్షకి అటూఇటూగా ఉంటుంది.

కానీ నాన్నకి మాత్రం ఓఎల్‌ఈడీ వద్దంటాను. ఆయన పొద్దున కాఫీ గ్లాసుతో న్యూస్ ఛానెల్ పెడితే రాత్రి భోజనాల దాకా అదే. మన తెలుగు న్యూస్ ఛానెల్ స్క్రీన్ ఒకసారి గుర్తుతెచ్చుకోండి: మూల లోగో, కింద ఎర్రటి బ్రేకింగ్ పట్టీ, దాని కింద స్క్రోలింగ్, పక్కన ఇంకో బాక్స్. యాంకర్ మారినా ఇవి మారవు. ఓఎల్‌ఈడీ పిక్సెల్స్ వాడకాన్ని బట్టి అరుగుతాయి. ఒకేచోట ఒకే బొమ్మ రోజూ గంటల తరబడి ఉంటే అక్కడ మచ్చ పడిపోవచ్చు. దాన్నే బర్న్-ఇన్ అంటారు. లోగో ఉన్నచోట వెలుతురు తగ్గించడం, బొమ్మని కొంచెం కొంచెం జరపడం లాంటివి కంపెనీలు చేస్తాయి గానీ, వాటితో ముప్పు తగ్గుతుంది, పోదు. పైగా పగలు తలుపులన్నీ తెరిచి ఉంచే మన హాళ్లలో స్క్రీన్ మొత్తం వెలగాల్సి వచ్చినప్పుడు మంచి మినీ ఎల్‌ఈడీదే పైచేయి.

హెచ్‌డీఆర్, హెర్ట్జ్ లెక్కలు

హెచ్‌డీఆర్10 లోగో ఉందంటే ఆ సిగ్నల్‌ని టీవీ తీసుకోగలదని మాత్రమే. 300 నిట్స్ బ్రైట్‌నెస్‌తో, లోకల్ డిమ్మింగ్ లేకుండా దాన్ని చూపించడం అంటే ఏఆర్ రెహమాన్ పాటని ఫోన్ స్పీకర్‌లో వినడమే.

రిఫ్రెష్ రేట్ దగ్గర "మోషన్" అనే మాట పక్కనున్న నంబర్ని నమ్మకండి, ప్యానెల్ అసలు రేటు అడగండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 120 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా ఐదుసార్లు పడుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర, కాబట్టి ఒక ఫ్రేమ్ మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడి కెమెరా కదిలినప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. ఇంకో మాట, మోషన్ స్మూతింగ్ ఇంటికి రాగానే ఆపేయండి. కోట్లు పెట్టి తీసిన సినిమా డైలీ సీరియల్‌లా కనిపించడానికి కారణం అదే.

బాబాయ్ 55 వేలు

పోయిన నెల బాబాయ్ ఫోన్ చేశాడు. 55 వేల బడ్జెట్‌లో రెండు తేలాయట: డిమ్మింగ్ లేని 65 అంగుళాల క్యూఎల్‌ఈడీ ఒకటి, 55 అంగుళాల మినీ ఎల్‌ఈడీ ఒకటి. "పెద్దదే కదరా హాలుకి అందం" అన్నాడు. "సోఫా ఎంత దూరం బాబాయ్?" అంటే ఏడున్నర అడుగులన్నాడు. సినిమా చూడటానికి సుఖంగా ఉండే దూరం స్క్రీన్ సైజుకి దాదాపు 1.6 రెట్లు. 55కి అది ఏడడుగుల పైచిలుకు, 65కి ఎనిమిదిన్నర పైన. బాబాయ్ హాలుకి 55 చక్కగా సరిపోతుంది.

అయినా నోటి మాట చాలదని షాపుకి వెళ్లాం. పెన్‌డ్రైవ్‌లో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల సబ్‌టైటిల్స్ ఉన్న క్లిప్ ఒకటి, రాత్రి సీన్ ఒకటి పెట్టుకున్నాను. షాపు టీవీలన్నీ షాప్ మోడ్‌లో కళ్లు జిగేల్‌మనేలా ఉంటాయి, కాబట్టి రెండింటినీ సినిమా మోడ్‌లోకి మార్పించాను. క్లిప్ నడుస్తుండగా ఎదురుగా ఒకసారి, పక్కకి వెళ్లి ఒకసారి చూశాం. సేల్స్‌మన్ మొహం కాస్త మాడింది గానీ కాదనలేదు. పెద్ద టీవీ మీద రాత్రి సీన్ రాగానే పిన్ని, "ఇదేంటి, తెల్లారినట్టుంది" అంది. బాబాయ్ ఇంక మాట్లాడలేదు, 55 బిల్లు వేయించాడు.

బిల్లు దగ్గర ఒక లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాల కంటే పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అలాగని షాపు రేటులో పది శాతం తగ్గినట్టు కాదు, పన్ను వేసేది అసలు ధర మీద. పాత 50 వేల టీవీ సుమారు 46,100 అవుతుంది, అంటే తగ్గేది 8 శాతం లోపే. "జీఎస్టీ ఆఫర్" అని బోర్డు పెడితే ఈ లెక్క వేసుకుని చూడండి. మిగిలిన డబ్బులకి ఇంకో ఇంత కలిపి సౌండ్‌బార్ తీసుకోండి, సన్నటి టీవీల స్పీకర్ల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ర్యామ్ 2 జీబీనే అని మాత్రం మంచి ప్యానెల్‌ని వదులుకోకండి. సాఫ్ట్‌వేర్ నత్తనడక పట్టాక ఓ స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చితే సరిపోతుంది, ప్యానెల్‌ని మాత్రం తర్వాత మార్చుకోలేం.

నాన్న టీవీ ఇంకా ఇంట్లోనే ఉంది. వెనక అంచుల వెంబడి ఓ తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటించి, యూఎస్‌బీకి కలిపాను. గోడ మీద సన్నగా వెలుతురు పడుతుంటే స్క్రీన్‌లో ఉన్న బూడిద రంగు కంటికి కాస్త నలుపుగా అనిపిస్తుంది. ప్యానెల్ ఏం మారలేదు, కంటిని మోసం చేస్తున్నాం, అంతే. నాన్నకి చూపిస్తే, "బానే ఉందిరా" అని మళ్లీ న్యూస్ పెట్టుకున్నారు.