ఇంటికి బూజు – ఒంటికి జబ్బు

మన భాషలో 'బూజు' అనే మాట రెండు వస్తువులకు పేరై ఉన్నది. దూలాల సందున సాలీడు అల్లిన గూడు దుమ్ముపట్టి వేలాడితే అదీ బూజే. వర్షర్తువులో ఊరగాయ జాడీలోను, తోలు చెప్పులమీదను, గోడ మూలలలోను నూగువలె పుట్టుకొచ్చేదీ బూజే. మొదటిది ప్రాణంలేని మురికి. రెండవది ప్రాణమున్న శిలీంధ్రం. సంక్రాంతికి ముందు ఇల్లాలు పొడవాటి కర్రకు చీపురు కట్టి దులిపితే మొదటిది పోతుంది. రెండవదానిని అట్లే దులిపితే పోకపోగా ఇల్లంతా వ్యాపిస్తుంది. పేరు ఒక్కటే కావడంవల్ల మందు కూడ ఒక్కటే అని మనం భ్రమపడినాము కాబోలు!

ఈ శిలీంధ్రానికి విత్తనాల వంటివి సిద్ధబీజాలు. కంటికి కనబడని ఈ రేణువులు లేని గాలి లేదు, గాలి చొరని ఇల్లు లేదు. కాగితం, కొయ్య, గుడ్డ, తోలు, గోడమీది దుమ్ము – అన్నీ దానికి ఆహారమే. మన చేతిలో ఉన్నది ఒక్క నీరు మాత్రమే. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజులలో ఆరకపోతే బూజు మొలకెత్తుతుంది. కనుక గోడమీది నల్లని మచ్చ అసలు రోగం కాదు. లోపల ఎక్కడో నీరు చేరినదని చెప్పే లక్షణం.

బూజు కులమంతా చెడ్డదనడం న్యాయం కాదు. 1928లో లండనులో ఫ్లెమింగు పెనిసిలిన్‌ను గుర్తించినది ఒక బూజునుండే. కాని 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లను బలిగొన్నదీ బూజు విషమే. అది వేరుసెనగ పిండిలో చేరిన అఫ్లటాక్సిన్. బూజు పట్టిన పల్లీలను తుడిచి వేయించినంతమాత్రాన ఆ విషం విరగదని గృహిణులు గమనించవలె.

గోడమీది బూజు ఊపిరితో లోనికి పోతుంది. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, రాత్రివేళ తెరలు తెరలుగా దగ్గు దాని ఫలితాలు. చెమ్మ ఇళ్లలో నివసించేవారికి శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసం ఉద్రేకించడం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో స్పష్టంగా చెప్పినది. బిడ్డ దగ్గుతూంటే మిరియాల కషాయం కాస్తాము, వైద్యుని మారుస్తాము. బీరువా వెనుకకు మాత్రం తొంగిచూడము. అమ్మమ్మగారి ఊరు వెళ్లినపుడు తగ్గి, తిరిగి ఇల్లు చేరగానే మొదలయ్యే దగ్గయితే ముందుగా ఇంటినే అనుమానించవలె.

అట్లని అతిభయమూ తగదు. 2021లో కరోనాతోపాటు మ్యూకర్ వ్యాధి ప్రబలినపుడు ఉల్లిపొరమీది నలుపు కూడ అదేనని వదంతి పుట్టినది. ఉల్లిమీద సాధారణంగా కనబడే నల్లబూజు వేరు, ఆ శిలీంధ్రం వేరు. అది ముఖ్యంగా అదుపులేని మధుమేహం ఉన్నవారిని, రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారిని పట్టిన వ్యాధి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీట మునిగినది. వరద నీరు తీసినపుడు లోకం కష్టం తీరినదనుకొంటుంది. గోడలు తాగిన నీరు అంత సులభంగా తీయదు. అది కంటికి కనబడని రెండవ ముంపు. నానిన పరుపును పారవేయమని శాస్త్రం చెబుతుంది. ఇంట ఉన్నది ఒక్కటే పరుపైన కూలివానికి ఆ మాట చెప్పడం సులభం, చేయడం కష్టం. వరద సాయంలో బియ్యం పక్కన పరుపునకూ చోటు ఉండవలె.

పూర్వపు సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ గాలికి విడిచేది; సున్నపు క్షారగుణం బూజును మొలవనిచ్చేది కాదు. నేటి రంగులు కొన్ని చెమ్మను లోపలనే బంధించి, పైకి నునుపు చూపుతున్నవి.

చేయవలసినదేమి? మొదట నీటి జాడ పట్టవలె. పైకప్పు నెర్రెయా, గొట్టం కారుటయా, స్నానాలగది గోడయా చూచి మూయించవలె. పిల్లలను, ఉబ్బసరోగులను వేరే గదికి పంపి, ముక్కుకు ఎన్-95 ముసుగు, చేతులకు తొడుగులు వేసుకొని, సబ్బునీటితో తడిపి తుడవవలె. పొడి చీపురు తగదు. తరువాత పూర్తిగా ఆరనీయవలె. బ్లీచింగు పొడిని యాసిడ్‌తో ఎన్నడూ కలపరాదు. ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆరని గోడకు రంగు వేయడం పుండుమీద పట్టుబట్ట కప్పడమే.

అద్దె ఇళ్లలో ఈ మరమ్మతు ఎవరిదనే తగవు తెగదు. అది నడిచినన్నాళ్లూ యజమానిగారి గొట్టం కారుతూంటుంది. దాని ఖరీదు అద్దెకున్నవారి బిడ్డ ఊపిరితిత్తులు చెల్లిస్తూంటవి. ఇల్లు చూడబోయినవారు నీటి వసతి ఎట్లా ఉన్నదని అడుగుతారు. అక్కరలేనిచోట నీరు ఉన్నదా అని కూడ అడగడం నేర్వవలె.

బీరువాను గోడనుండి జానెడు ఇవతలకు జరిపి, దాని వెనుక ఏమున్నదో ఒక్కమారు చూడండి.